లిమిట్స్ ఎక్కడి నుంచి ఎక్కడి దాకా?

మొన్న ఆదివారం రాత్రి పదకొండు దాటాక ఫోనుకు ఒక ఫొటో వచ్చింది. పంపింది మా అక్క కొడుకు. హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ మొదటి ఏడాది, రెండో సెమిస్టర్. రూళ్ల కాగితం మీద పక్కపక్కనే రెండు ఇంటిగ్రల్ గుర్తులు, కింద నాలుగు లైన్ల లెక్క. మొదటి లైనుకూ రెండో లైనుకూ మధ్య ఎర్ర పెన్నుతో ఓ సున్నా చుట్టాడు. దాని కింద ఒకటే ప్రశ్న: ‘మామయ్యా, ఈ లిమిట్స్ ఇలా ఎలా మారాయి?’

సరిగ్గా ఇదే ప్రశ్నను నేను 2005లో మా లెక్చరర్‌ను అడిగాను. ఆయన బోర్డు తుడుస్తూనే ‘మెథడ్ అంతే, రాసుకో’ అన్నారు. రాసుకున్నాను. ఆ ఏడాది చివర ఆ పేపర్లో నాకు 80కి 71 వచ్చాయి. నా పక్క మంచం మీద పడుకునే మహబూబ్‌నగర్ జిల్లా కుర్రాడికి 22 వచ్చాయి. మా ఇద్దరిలో ఆ లెక్క తెలిసినవాడు అతనే. ఇరవై ఏళ్ల తర్వాత మేనల్లుడికి జవాబు చెప్పాల్సి వచ్చేసరికి ఈ సంగతి ఒప్పుకోక తప్పడం లేదు.

ఇంజినీరింగ్ చదివిన తెలుగువాడికి ‘ఎం1’ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. చదవనివారి కోసం రెండు ముక్కలు. ఇంటర్ దాకా మన లెక్కల్లో కదిలేది ఒక్క ఎక్సే. అది కదిలితే వై మారుతుంది, కాగితం మీద ఒక గీత వస్తుంది. ఆ గీత వాలు ఎంతో చెప్పడం డిఫరెన్షియేషన్, దాని కింది వైశాల్యం కట్టడం ఇంటిగ్రేషన్. తెలుగు మీడియం వాళ్లకు అవకలనం, సమాకలనం. ఇంజినీరింగ్‌లో అడుగుపెట్టగానే ఎక్స్‌తోపాటు వై కూడా తన ఇష్టప్రకారం కదలడం మొదలెడుతుంది. గీత పోయి కొండలు, లోయలు వస్తాయి. కాలిక్యులస్ అదే, కానీ నేల మారిపోతుంది.

కొండ మీద నిలబడినవాణ్ని ‘ఇక్కడ వాలు ఎంత?’ అని అడిగితే ‘ఎటు తిరిగి?’ అని ఎదురు ప్రశ్న వేస్తాడు. తూర్పుకు ఒక వాలు, ఉత్తరానికి ఇంకో వాలు. ఈ రెండే పార్షియల్ డెరివేటివ్‌లు. నిట్టనిలువుగా ఎక్కే దిక్కు ఏదో చెప్పేది గ్రేడియంట్. ఎక్కకుండా దిగకుండా ఒకే ఎత్తులో చుట్టూ తిరిగితే అది కాంటూర్ గీత. మరి రెండు దిక్కుల్లోనూ వాలు సున్నా అయితే? అది శిఖరమైనా కావచ్చు, లోయ అడుగైనా కావచ్చు. రెండూ కాని మూడోది కూడా ఒకటుంది. ఇంగ్లీషు పుస్తకాలు దాన్ని శాడిల్ పాయింట్ అంటాయి, అంటే గుర్రం జీను. గుర్రం ఎక్కని మాబోటి వాళ్లకు ఆ పేరు విని ఏమీ తోచలేదు. కానీ ఘాట్ రోడ్డు మీద బస్సులో కొండ దాటిన ప్రతివాడికీ అది తెలుసు. దాన్ని మనం కనుమ అంటాం. దారి వెంట వెళ్తుంటే అదే అన్నిటికంటే ఎత్తయిన చోటు, అటూ ఇటూ కొండల వైపు చూస్తే అదే అన్నిటికంటే పల్లం. ఈ మాట మాకు ఎవరూ చెప్పలేదు. మాకు చెప్పింది ‘ఆర్‌టీ మైనస్ ఎస్ స్క్వేర్’. అది సున్నా కంటే ఎక్కువై ఆర్ నెగటివ్ అయితే మాగ్జిమమ్, ఆర్ పాజిటివ్ అయితే మినిమమ్, అసలదే సున్నా కంటే తక్కువైతే శాడిల్. బస్సులో, బాత్రూంలో, మెస్ లైన్లో వల్లెవేశాం. ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అది ఎందుకు అలా ఉంటుందో మాత్రం ముప్పై దాటాక, ఏ పరీక్షా లేనప్పుడు, తీరిగ్గా ఒక పుస్తకం తెరిచి తెలుసుకున్నాను.

లెక్చరర్‌ను తప్పుపట్టడం తేలిక. ఆయన వైపు నుంచి కూడా చూడాలి. అప్పటి జేఎన్‌టీయూ మొదటి ఏడాది గణితంలో 8 యూనిట్లు ఉండేవి. సీక్వెన్సులతో మొదలై డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్స్ మీదుగా చివర వెక్టర్ కాలిక్యులస్ దాకా. సెక్షన్‌కు 60 మంది, ఆయనకు మూడు సెక్షన్లు. ప్రైవేటు కాలేజీల్లో గణితం లెక్చరర్లది ‘హెచ్ అండ్ ఎస్’ డిపార్ట్‌మెంట్. బ్రాంచి ఉన్న డిపార్ట్‌మెంట్ల ముందు దానికి ఉన్న మర్యాద అంతంతమాత్రం, జీతం కూడా ఆ లెక్కనే. సిలబస్ కాగితం మీద వారానికి ‘3+1’ అని ఉండేది. ఆ ప్లస్ వన్ ట్యుటోరియల్, అంటే విద్యార్థులు కూర్చుని లెక్కలు చేసుకుంటుంటే లెక్చరర్ మధ్యలో తిరిగి చూడాల్సిన గంట. మా కాలేజీలో అది నాలుగో లెక్చర్ అయిపోయింది. సిలబస్ పూర్తి కావాలి కదా మరి. నన్నడిగితే ఎనిమిది యూనిట్లలో మూడు తీసేసినా ఆ ఒక్క గంటను మిగల్చాల్సింది.

మేం కూడా తక్కువవాళ్లం కాదు. రెండేళ్లు కార్పొరేట్ జూనియర్ కాలేజీ స్టడీ అవర్స్‌లో గడిపి వచ్చిన సరుకు. అక్కడ పక్కవాడితో మాట్లాడితే నేరం. లెక్క చూడగానే ఏ ఫార్ములానో గుర్తుకు రావాలి, నాలుగు ఆప్షన్లలో మూడు కొట్టేయాలి, నిమిషం లోపే తేలిపోవాలి. అప్పటి ఎంసెట్‌లో పార్షియల్ డిఫరెన్షియేషన్ మీద కూడా ప్రశ్నలుండేవి. ఆయిలర్ సిద్ధాంతం పెట్టి పది సెకన్లలో జవాబు గుర్తించేవాళ్లం. యూ అనేది ఒక ఉపరితలం అని, దానికి ఒక ఆకారం ఉంటుందని తెలియకుండానే దాని మీద 100 లెక్కలు చేసిన తరం మాది. అలాంటివాళ్లకు డబుల్ ఇంటిగ్రల్ ఇచ్చి, ముందు బొమ్మ గీయండి అంటే ఏం గీస్తాం? మాకు బొమ్మ అంటే టైం దండగ.

ఇక నా రూమ్మేట్ సంగతి. ఇంటర్ దాకా ప్రభుత్వ కాలేజీలో తెలుగు మీడియం. తెలుగు అకాడమీ పుస్తకాల్లో చదువుకున్నాడు. మొదటి వారం క్లాసులో లెక్చరర్ ‘ఇంటిగ్రేషన్, ఇంటిగ్రేషన్’ అంటుంటే తను చదివిన సమాకలనమే అని పోల్చుకోవడానికి రెండు రోజులు పట్టిందని తర్వాత నవ్వుతూ చెప్పాడు. అప్పుడైతే నవ్వలేదు. వెనక బెంచీలో తల దించుకుని కూర్చునేవాడు. లిమిట్ అంటే తను చదివిన ‘అవధి’ అని తెలిశాక మాత్రం కాస్త తేరుకున్నాడు. అది అతనికి తెలిసిన మాట. అవధి అంటే హద్దు, హద్దు అంటే గట్టు. వాళ్ల నాన్నది రెండెకరాల మెట్ట.

ఒకరాత్రి నేను ‘ఛేంజ్ ఆఫ్ ఆర్డర్’ లెక్క ముందు కూర్చున్నాను. అందరికీ తెలిసిన పాత లెక్కే. మా అక్క కొడుకు పంపింది కూడా అదే కావడం విశేషమేమీ కాదు, ఆ లెక్క ఏ తరాన్నీ వదిలిపెట్టదు. ఈ టు ది పవర్ ఆఫ్ వై స్క్వేర్ అనే ఫంక్షన్‌ను ముందు వై మీద, ఎక్స్ నుంచి 1 దాకా, తర్వాత ఎక్స్ మీద, 0 నుంచి 1 దాకా ఇంటిగ్రేట్ చేయాలి. మొదటి అడుగే పడదు. ఆ ఫంక్షన్‌కు మనకు తెలిసిన మామూలు ఫంక్షన్లతో ఇంటిగ్రల్ రాయడం అసాధ్యం. అందుకే వరస మార్చాలి, ముందు ఎక్స్, తర్వాత వై. మార్చితే లిమిట్స్ కూడా మారాలి. నేను చేసిందల్లా ఎక్స్ ఉన్నచోట వై, వై ఉన్నచోట ఎక్స్ రాయడం. ఎక్స్‌కు వై నుంచి 1 దాకా అని పెట్టాను. లెక్క మళ్లీ అదే గోడకు వెళ్లి ఆగింది.

అతను నా నోట్సులోకి తొంగి చూసి, నా చేతిలో పెన్సిల్ తీసుకుని ఒక మూడు మూలల చెక్క గీశాడు. ఎడమ పక్క నిలువు గట్టు, పైన అడ్డ గట్టు, కింది మూల నుంచి పైమూలకు ఏటవాలు గట్టు.

‘అరె, గట్ల గాదు రా. చేను ఎట్ల దున్నుతరు? నిలువు సాళ్లన్న పోతరు, లేకుంటే అడ్డం సాళ్లన్న పోతరు. సాలు ఏడ మొదలైతది, ఏడ ఒడుస్తది, అది లోపలి లిమిట్. మొదటి సాలు ఏడ, ఆఖరి సాలు ఏడ, అది బయటి లిమిట్. గంతే.’

నిలువు చాళ్లు దున్నితే ప్రతి చాలూ ఏటవాలు గట్టు దగ్గర మొదలై పై గట్టు దగ్గర ముగుస్తుంది. అంటే వై అనేది ఎక్స్ నుంచి 1 దాకా. అదే చెక్కను అడ్డంగా దున్నితే ప్రతి చాలూ ఎడమ గట్టు దగ్గర మొదలై ఏటవాలు గట్టు దగ్గర ముగుస్తుంది. అంటే ఎక్స్ అనేది 0 నుంచి వై దాకా. మొదటి చాలు కింది మూలన, అక్కడ చాలు పొడవు సున్నా. ఆఖరి చాలు పై గట్టు వెంట. అంతే, లిమిట్స్ వచ్చేశాయి. ఇప్పుడు ఎక్స్ మీద ఇంటిగ్రేట్ చేస్తే ఒక వై బయటికి వచ్చి ఆ మొండి ఫంక్షన్ పక్కన నిలబడుతుంది, ఆ తర్వాత లెక్క రెండు లైన్లు. జవాబు ఈ మైనస్ 1 బై 2, అంటే సుమారు 0.86.

‘మరి నేను రాసిందేంటి?’ అన్నాను, వై నుంచి 1 దాకా అన్న నా లైను చూపిస్తూ. అతను ఏటవాలు గట్టుకు అవతల ఇంకో మూడు మూలల చెక్క గీశాడు. ‘పక్కోని చేను దున్నినవ్’ అన్నాడు.

ఏ వైపు దున్నినా చేను ఒకటే, ఎటు నుంచి కోసుకొచ్చినా కల్లంలో పడే గింజలు అన్నే. ఇటలీకి చెందిన గణితవేత్త ఫుబిని 1907లో ఏ షరతుల కింద ఇలా వరస మార్చుకోవచ్చో గట్టిగా నిరూపించాడు. ఆ షరతులు ఇంజినీరింగ్ మొదటి ఏడాదికి అక్కర్లేదు. చేను అక్కరకొస్తుంది.

మరి ఇంత తెలిసినవాడు ఎలా ఫెయిలయ్యాడు? చాలాకాలం దీన్ని అతని దురదృష్టం అనుకున్నాను. ఇప్పుడు పేపరు గుర్తుచేసుకుంటే దురదృష్టం పాత్ర తక్కువే అనిపిస్తోంది. అప్పటి పేపర్లో 8 ప్రశ్నలు, ఏవైనా 5 రాస్తే చాలు, ఒక్కోదానికి 16 మార్కులు. అంటే మూడు యూనిట్లు పూర్తిగా వదిలేయవచ్చు. సీనియర్లు చెప్పే మొదటి రహస్యమే అది. డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, లాప్లాస్ సేఫ్. మెథడ్ ప్రకారం పోతే బొమ్మ అక్కర్లేదు. మల్టిపుల్ ఇంటిగ్రల్స్ డేంజర్, ముట్టుకోవద్దు. నేను ముట్టుకోలేదు. నా 71 మార్కుల్లో ఒక్కటి కూడా డబుల్ ఇంటిగ్రల్‌ది కాదు.

అతను ముట్టుకున్నాడు. తనకు అర్థమైన ప్రశ్న కదా! బొమ్మ గీశాడు, చాళ్లు గీశాడు, లిమిట్స్ సరిగ్గా పెట్టాడు. తర్వాత సైన్, కాస్ పవర్లు వచ్చి పడ్డాయి. వాటికి రిడక్షన్ ఫార్ములా బట్టీ ఉండాలి, అతనికి లేదు, కూర్చుని రాబట్టుకున్నాడు. ఒక్క ప్రశ్నకు గంట. పక్కన ‘స్టేట్ అండ్ ప్రూవ్’ ప్రశ్న, దానికి ఇంగ్లీషులో వాక్యాలు కావాలి. పాసవడానికి 28 రావాలి. మొదటిసారి 22, సప్లీలో 25, ఆపై సప్లీలో 26. ఆ 26 చూసిన రోజు అతను మెస్‌కు రాలేదు. గదికి తెచ్చిపెట్టిన అన్నం పొద్దున్నకు పాచిపోయింది. నాలుగోసారి నా దగ్గర సీనియర్ల రహస్యం నేర్చుకుని, లాప్లాస్ బట్టీపట్టి, డబుల్ ఇంటిగ్రల్స్ ముట్టుకోకుండా పాసయ్యాడు. అప్పటికి 2009. అంతకుముందే, 2008 చివర్లో, మా కాలేజీకి కంపెనీలు వచ్చాయి. బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్లను హాల్లోకి రానివ్వలేదు. లోపల కూర్చున్న మాకు ఆఫర్లు వచ్చాయి గానీ, లీమన్ బ్రదర్స్ కూలిన ఏడాది కావడంతో చేరే తేదీ కోసం నెలల తరబడి ఎదురుచూశాం. అది వేరే కథ. అతను ఆ మధ్యాహ్నం హాలు బయట వేపచెట్టు కింద మా అందరి ఫైళ్లూ, సెల్‌ఫోన్లూ కాపలా కాస్తూ కూర్చున్నాడు. అది మాత్రం వేరే కథ కాదు.

ఇప్పుడు పేపర్ల తీరు మారింది. జేఎన్‌టీయూ హైదరాబాద్ 2018 నిబంధనల్లో బహుళ సమాకలనాలు, వెక్టర్ కాలిక్యులస్ మొదటి ఏడాది రెండో గణితంలోకి వెళ్లాయి. పెద్ద ప్రశ్నల్లో ప్రతి యూనిట్ నుంచీ ఇదో అదో రాయాలి. యూనిట్లు వదిలేసే రహస్యానికి కాలం చెల్లింది, మంచిదే. అయితే మా కాలంలో రాజ్యమేలిన ఒక ప్రశ్న మాత్రం చెక్కుచెదరలేదు. ‘వెరిఫై గ్రీన్స్ థీరమ్’. ఒక ప్రాంతం అంచు వెంబడి లైన్ ఇంటిగ్రల్ కట్టాలి, తర్వాత లోపలి ప్రాంతం మీద డబుల్ ఇంటిగ్రల్ కట్టాలి, రెండూ సమానమని చూపాలి. ఇందులో సుఖమేమిటంటే జవాబు ముందే తెలుసు, రెండూ సమానమే. మోడల్ పరీక్షలో నాకు ఒకవైపు ప్లస్, ఇంకోవైపు మైనస్ వచ్చింది. ఏం చేశానో ఈ దేశంలో ఇంజినీరింగ్ చదివిన ఎవర్నడిగినా చెబుతారు. వెనక్కి వెళ్లి ఒకచోట మైనస్ చేర్చి, ‘హెన్స్ వెరిఫైడ్’ అని రాసి కింద గీత కొట్టాను. పూర్తి మార్కులు వచ్చాయి. నిజానికి నేను చేసిన తప్పు చాలా ఆసక్తికరమైనది. అంచు చుట్టూ తప్పు దిక్కున తిరిగాను, సవ్యదిశలో. అపసవ్యంగా తిరగాలి, చేను ఎప్పుడూ ఎడమచేతి వైపే ఉండాలి. దిద్దేవారు ఆ మైనస్ దగ్గర ఆగి ఉంటే నాకు ఆ రోజే తెలిసేది.

ఆ గ్రీన్ ఎవరో తెలిసుంటే ఇంకా బాగుండేది. జార్జ్ గ్రీన్ ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో ఒక బేకరీ యజమాని కొడుకు. బడికి వెళ్లింది చిన్నప్పుడు ఏడాదో, ఇంకాస్తో. తండ్రి కట్టించిన గాలిమరలో పిండి విసరడం అతని పని. ఆ పని చేస్తూనే గణితం సొంతంగా నేర్చుకుని, 1828లో విద్యుత్తు, అయస్కాంతత్వాల మీద ఒక వ్యాసాన్ని చందాలతో అచ్చేయించాడు. పట్టించుకున్నవారు లేరు. నలభై ఏళ్ల వయసులో, 1833లో, కేంబ్రిడ్జ్‌లో డిగ్రీ విద్యార్థిగా చేరాడు. 1841లో చనిపోయాడు. ఆ వ్యాసం విలువ లోకానికి తెలిసింది ఆ తర్వాతే, విలియం థామ్సన్ అనే కుర్రవాడు 1845లో దాన్ని సంపాదించి మళ్లీ అచ్చుకు ఇచ్చాక. ఆ కుర్రవాడే తర్వాత లార్డ్ కెల్విన్. మన పుస్తకాల్లో ఉన్న రూపం గ్రీన్ రాసిన రూపం కాదు, కానీ మూలం అక్కడే. ఆ గాలిమర ఇప్పటికీ ఉంది, బాగుచేసి సందర్శకులకు చూపిస్తున్నారు.

ఇక స్టోక్స్ సిద్ధాంతానిది తమాషా కథ. థామ్సన్ 1850లో స్టోక్స్‌కు రాసిన ఉత్తరంలో దాన్ని ప్రస్తావించాడు. అచ్చులో మొదట కనిపించింది మాత్రం 1854లో కేంబ్రిడ్జ్‌లో స్టోక్స్ ఇచ్చిన స్మిత్స్ ప్రైజ్ పరీక్ష పేపర్లో. ఆ పరీక్ష రాసినవాళ్లలో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ ఒకడు. ఆ బహుమతిని ఇంకొకరితో కలిసి పంచుకున్నాడు. తర్వాత విద్యుదయస్కాంత సిద్ధాంతంలో ఆ గణితాన్ని అతను ఏం చేశాడో మన ఈసీఈ వాళ్లు రెండో ఏడాదిలో చదువుకుంటారు, మొదటి ఏడాది ఏం వెరిఫై చేశారో మరిచిపోయాక. అంటే పరీక్ష ప్రశ్నగా పుట్టడమే ఆ సిద్ధాంతానికి పట్టిన శాపమేమీ కాదు. ఎవరు రాస్తున్నారు, ఎలా దిద్దుతున్నారు అన్నదే తేడా.

1970లలో అమెరికాలోని బర్కిలీలో యూరీ ట్రైస్మన్ అనే యువ గణిత బోధకుడికి ఇలాంటి ప్రశ్నే ఎదురైంది. నల్లజాతి విద్యార్థులు మొదటి ఏడాది కాలిక్యులస్‌లో ఎందుకు దెబ్బతింటున్నారు, చైనా మూలాల విద్యార్థులు ఎందుకు నెగ్గుతున్నారు? శ్రద్ధ లేదని కొందరు, పునాది లేదని కొందరు, ఇంట్లో పట్టించుకోరని ఇంకొందరు అధ్యాపకులు చెప్పారు. ట్రైస్మన్ రెండు వర్గాల నుంచీ 20 మంది చొప్పున తీసుకుని నెలల తరబడి వాళ్ల వెంటే తిరిగి చూశాడు. చెప్పిన కారణాలేవీ నిలవలేదు. ఓడిపోతున్నవాళ్లు చెప్పిన గంటలన్నీ చదువుతున్నారు, ఒంటరిగా. నెగ్గుతున్నవాళ్లు ఒక్కచోట చేరి, ఒకరి లెక్క ఒకరు దిద్దుకుంటూ, పోట్లాడుకుంటూ చదువుతున్నారు. ఆయన పెట్టిన వర్క్‌షాపుల్లో వెనకబడినవాళ్లకు తేలిక లెక్కలు ఇవ్వలేదు, కఠినమైనవే ఇచ్చి కలిసి చేయమన్నాడు. ఫలితాలు మారాయి. ఇది చదివినప్పుడు నాకు మా స్టడీ అవర్స్ గుర్తొచ్చాయి. మనం కోట్లు ఖర్చుపెట్టి ఒంటరి చదువును తయారుచేశాం. ఆ ప్లస్ వన్ గంట ఉండుంటే, నా రూమ్మేట్ ఆ మూడు మూలల చెక్కను 60 మంది ముందు గీసి ఉంటే అనుకోవడం ఇప్పుడు వృథా అనుకోండి.

పాఠాలకు మాత్రం ఇప్పుడు కరువు లేదు. ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి నడుపుతున్న ఎన్‌పీటీఈఎల్ ఉంది. ఎంఐటీలో డెనిస్ ఓరూ 2007లో చెప్పిన మల్టీవేరియబుల్ కాలిక్యులస్ పాఠాలు మొత్తం ఉచితంగా దొరుకుతాయి. ఉపరితలాలు కళ్లముందు గిర్రున తిరిగే వీడియోలకు లెక్కే లేదు. 2021-22 నుంచి ప్రాంతీయ భాషల్లో బీటెక్‌కు ఏఐసీటీఈ అనుమతిచ్చింది, అందులో తెలుగూ ఉంది. అతని లాంటివాళ్లకు రెండు రోజుల తికమక తప్పుతుందంటే నేను దానికి ఓటేస్తాను. కానీ ‘మెథడ్ అంతే, రాసుకో’ను తెలుగులో చెబితే మాత్రం ఒరిగేదేమీ లేదు.

‘వీడియో చూస్తుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది మామయ్యా. కాగితం ముందు కూర్చుంటే చెయ్యి కదలదు’ అన్నాడు మావాడు, ఆ రాత్రి నేను ఫోన్ చేసినప్పుడు. నేను ఉత్సాహంగా చేను, గట్లు, చాళ్లు ఎత్తుకున్నాను. రెండు నిమిషాలు విన్నాడు.

‘మామయ్యా, చాలు అంటే?’

కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్‌లో పుట్టి పెరిగిన పిల్లవాడు. నాగలి సంగతి దేవుడెరుగు, ట్రాక్టరు దున్నుతుంటే కూడా ఆగి చూసి ఉండడు. ఇరవై ఏళ్లు దాచుకున్న నా ఆస్తి ఆ ఒక్క ప్రశ్నతో చెల్లకుండా పోయింది. ఏం చెప్పాలో తోచక నా పాత రూమ్మేట్‌కు ఫోన్ కలిపాను. అతనిప్పుడు ఒక నిర్మాణ సంస్థలో సైట్లు చూస్తుంటాడు. ముగ్గురం లైన్లో ఉన్నాం. మావాడి ఇబ్బంది విని అతను అడిగిన మొదటి ప్రశ్న: ‘బాబూ, మీ ఇంట్ల మూలకు టైల్స్ ఎట్ల కోసి ఏసిన్రు, ఎప్పుడన్న చూసినవా?’

మావాడు ఫోన్ పట్టుకునే బాల్కనీలోకి వెళ్లాడు. వాళ్ల బాల్కనీ ఒకవైపు ఏటవాలుగా ఉంటుంది, బిల్డర్ స్థలం మిగుల్చుకోవడానికి అలా కట్టాడు. టైళ్ల వరసలు ఎక్కడ మొదలై ఎక్కడ తెగుతున్నాయో లెక్కపెడుతుంటే వెనక మా అక్క ‘అర్ధరాత్రి ఆ నేల మీద ఏం చేస్తున్నావురా’ అని కేకలేయడం వినపడింది. పావుగంట తర్వాత ఫొటో వచ్చింది. మూడు మూలల బొమ్మ, అడ్డ వరసలు, పక్కన 0 నుంచి వై దాకా. కింద ఈ మైనస్ 1 బై 2. ఈసారి ఎర్ర సున్నా లేదు.

తెల్లారి ఇంకో మెసేజ్: ‘మామయ్యా, పోలార్‌లోకి మారిస్తే డీఆర్, డీతీటాలతోపాటు పక్కన ఒక ఆర్ ఎక్కువ వస్తోంది. అది ఎక్కడి నుంచి?’

పరీక్షలో ఆ ఆర్ మరిచిపోకూడదని దాని చుట్టూ మూడుసార్లు గీత కొట్టుకున్న నోట్సు నా దగ్గర ఇంకా ఉంది. ఎక్కడి నుంచి వస్తుందో అందులో లేదు. మెసేజ్‌ను అలాగే రూమ్మేట్‌కు పంపాను. సైట్లో స్లాబ్ పడుతోందట, సాయంత్రం చేస్తానన్నాడు.